సమూయేలు చెంపలు

"ఏటి అంకుల్ ఇది, నాన్న మొకం మీద ఉప్మా రవ్వ సల్లినట్టుంది?" అంటూ రిచర్డ్ ఫోటోను కౌంటరు మీద పడేశాడు.

విల్‌ఫ్రెడ్‌కి ఒళ్లు మండింది. గోల్‌బజార్‌లో ఇరవై ఆరేళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్న మనిషి. ఆ నెలలో అదే మాట అన్నవాళ్లలో రిచర్డ్ నాలుగోవాడు. చేపల సందు మొదట్లో ఏలియా కంప్యూటర్ ఫోటోల కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ ఊళ్లో అందరికీ ముఖాలు నున్నగా ఉండాలి. మచ్చ ఉండకూడదు, మడత ఉండకూడదు.

"అది రవ్వ కాదురా, గ్రెయిన్. ఫిల్మన్నాక ఉంటాది. అది లేకపోతే ఫోటోకి పేణం ఉండదు" అన్నాడు.

రిచర్డ్ వినే స్థితిలో లేడు. వాళ్ల నాన్న సమూయేలు పోయి వచ్చే ఆదివారానికి ఏడాది. ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. గోడకి పెద్ద ఫోటో కావాలి. సమూయేలుకి కెమెరా అంటే గిట్టదు కాబట్టి ఉన్నది ఒక్కటే ఫోటో. రైల్వే వర్క్‌షాపులో ఎవరిదో రిటైర్‌మెంటు నాడు విల్‌ఫ్రెడ్ తీసిన గ్రూపు ఫోటో. నలభై మందిలో, వెనక వరసలో, కందిగింజంత ముఖం. కందిగింజని పళ్లెమంత చేస్తే గ్రెయిన్ రాక ఇంకేం వస్తుందని విల్‌ఫ్రెడ్ బాధ. రిచర్డ్ ఆ బాధ పట్టించుకోకుండా, ఫోటోని కనీసం అమ్మకైనా చూపించకుండా, నేరుగా ఏలియా దగ్గరికి పట్టుకుపోయాడు.

రెండు రోజులకి వాళ్లింటి కబురు టీ కొట్టు దాకా వచ్చింది. కంప్యూటర్‌లో చేసిన ఫోటో చూసి సమూయేలు భార్య ఎస్తేరమ్మ, "ఈ బాబు ఎవులు?" అని అడిగిందట. నాన్నేనని రిచర్డ్ ఎంత చెప్పినా నమ్మలేదట.

విల్‌ఫ్రెడ్‌కి ప్రాణం లేచొచ్చింది. టీ గ్లాసు చేత్తో పట్టుకునే అందరి ముందూ పందెం కాశాడు. తనూ ఏలియా చెరో ఫోటో కొత్తగా చేస్తారు. ఎవరిదేదో చెప్పకుండా ఆదివారం నాడు ఎస్తేరమ్మ ముందు పెడతారు. ఆవిడ ఏది తన మొగుడంటే అదే గోడకెక్కుతుంది. తనది కాకపోతే ఆ రోజుతో స్టూడియో మూసేస్తానన్నాడు.

ఏలియా ముప్పై ఏళ్లవాడు, మర్యాదస్తుడు. పందెం వద్దని బతిమాలాడు. జనం అడిగిందే తను చేస్తున్నాడు తప్ప, మాస్టారి మీద పోటీకి రాలేదన్నాడు.

"జనానికేటి తెలుసు?" అన్నాడు విల్‌ఫ్రెడ్. "నువ్వు మొకం తుడిసీసి ఫోటో ఇస్తన్నావు. ఆదోరం సూద్దువుగాని."

ఆ తర్వాత మూడు రోజులు విల్‌ఫ్రెడ్ డార్క్‌రూమ్‌లోంచి బయటికి వచ్చింది తక్కువ. చేసిన ఫోటో చేసినట్టు చించేశాడు. అన్నం తెచ్చిన భార్య సుజాతమ్మ మీద విసుక్కున్నాడు. స్టూడియో పోతే ఈ వయసులో ఏం చేయాలో తోచక భయం ఒకవైపు, ఉప్మా రవ్వ అన్నందుకు కోపం ఒకవైపు. కోపమే ఎక్కువ.

ఆదివారం సాయంత్రం తాల్‌బగీచాలో సమూయేలు ఇల్లు నిండిపోయింది. పాస్టరు జ్ఞానప్రకాశం గారు రెండు ఫోటోలనూ పక్కపక్కన బల్ల మీద పెట్టారు. స్టూడియో ముద్రలు వెనకవైపు ఉన్నాయి. ఒక ఫోటో అద్దంలా నున్నగా ఉంది. రెండోదాని నిండా నలుసులు. చూసినవాళ్లు చూసినట్టు విల్‌ఫ్రెడ్ వైపు తిరిగి, పాపం అన్నట్టు మొహం పెట్టారు. రిచర్డ్ అయితే నుదురు కొట్టుకున్నాడు.

ఎస్తేరమ్మ కళ్లజోడు తుడుచుకుని ముందు నున్నటి ఫోటో చూసింది. పక్కకి జరిపింది. రెండోది చేతిలోకి తీసుకుని, ఆ చెంపలని వేళ్లతో మెల్లగా తడిమింది.

"ఈయనే" అంది. "ముప్పై ఏళ్లు కొలిమి కాడ నిప్పురవ్వలు పడి సెంపలనిండా ఇవే సుక్కలు. కూడెట్టినప్పుడల్లా సూసినాను, నాకు తెలవదా? ఎవులు సేసినారో గాని, నా మనిసిని ఇంటికి తెచ్చినారు."

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గదిలో చాలామంది కళ్లు తుడుచుకున్నారు.

సమూయేలుతో కొలిమి దగ్గర పనిచేసిన తవిటయ్య లేచి వచ్చి విల్‌ఫ్రెడ్ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. ఇక స్టూడియోని ఎవరూ కదపలేరన్నాడు. రిచర్డ్ తల దించుకుని వచ్చాడు. "తప్పయిపోనాది అంకుల్. ఆ రవ్వలోనే నాన్న ఉన్నాడని తెలీక నోరు జారినాను" అన్నాడు.

విల్‌ఫ్రెడ్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. సంతోషం పట్టలేక అలా అయిపోయాడనుకున్నారు.

ప్రార్థనలో ఆ మనిషి పేరు చెప్పి కృతజ్ఞతలు చెల్లించాలని పాస్టరు గారు ఫోటోని వెనక్కి తిప్పారు. ముద్ర చదివి, కళ్లజోడు సవరించుకుని మళ్లీ చదివారు. అది ఏలియాది.

"రిచర్డ్ నా కొట్లో పారేసిన మాస్టారి ఫోటో పక్కనెట్టుకుని, దాన్ని సూసి ఆ సుక్కలన్నీ కంప్యూటర్‌లో ఏసినాను" అన్నాడు ఏలియా, నేల చూస్తూ.

బల్ల మీద మిగిలిపోయిన నున్నటి ఫోటో విల్‌ఫ్రెడ్‌ది; మూడు రోజులు కూర్చుని, సన్న కుంచెతో, ఒక్క రవ్వ కూడా మిగలకుండా దిద్దాడు.