తెలిసిన చెవి

"అమ్మాయ్, మనిషివా సర్కస్ గుర్రానివా అని అడిగితే నేను మనిషినే అంటాను. నీ పుస్తకం మాత్రం నన్ను గుర్రమంటోంది!"

ప్రొఫెసర్ డ్రోస్ట్ ఆ మాట అనగానే హాలు గొల్లుమంది. ఆయనకు ఎదురుగా నిలబడ్డ నింకె హాల్బెస్మాకు మాత్రం నవ్వు రాలేదు. సంగీతశాస్త్రంలో ఆరేళ్లు తలమునకలై చేసిన పరిశోధన అది. డాక్టరేట్ ఎలాగూ ఇస్తారు, దానికి బెంగ లేదు. రావలసింది అత్యుత్తమ శ్రేణి. నల్ల గౌన్లు వేసుకుని కూర్చున్న ఏడుగురు పరీక్షకుల్లో ఒక్కరు పెదవి విరిచినా అది రాదు. అది రాకపోతే హెల్సింకీలో ఆమె కోసం అట్టేపెట్టిన ఉద్యోగమూ రాదు.

"మహాపండితులైన ప్రశ్నకర్త గారూ," అంది నింకె. డచ్ విశ్వవిద్యాలయంలో అలా పిలవాల్సిందే, ఎదుటివాడు ఎంత వెటకారం చేసినా సరే. "నేను గుర్రమనలేదండీ. పాట ముగిసినట్టు వినిపించే స్వరాలు చెవిన పడితే, ఇంకా ముగియలేదని తెలిసినా మన ఒళ్లు ముగిసిందనే నమ్ముతుంది అన్నాను. అందుకే వందసార్లు విన్న పాటలో కూడా దొంగ ముగింపు దగ్గర మళ్లీ మోసపోతాం."

"తెలియనివాడు మోసపోతాడు, ఒప్పుకుంటాను. తెలిసినవాడు ఎందుకు మోసపోతాడు? కళ అంటే తెలివితో అనుభవించేది తల్లీ! మూడొందల పేజీలు రాశావు. తెలిసి తెలిసీ మోసపోయిన మనిషిని ఒక్కణ్ణి చూపించు. ఇక్కడే, ఈ హాల్లోనే."

నింకె పక్కన తోడుపెళ్లికొడుకులా సూటు వేసుకుని కూర్చున్న తమ్ముడు సీత్సె వైపు చూసింది. వాడు గోడ గడియారం వైపు కనుసైగ చేశాడు. ఈ పరీక్షకు సరిగ్గా నలభై అయిదు నిమిషాలు. గడువు తీరగానే, సభల మర్యాదలు చూసే పెడెల్ గజ్జెల కర్ర పట్టుకుని లోపలికి వస్తుంది, కర్రతో నేలను తట్టి "వేళయింది" అంటుంది. అంతే, ఎవరి మాట ఎక్కడుంటే అక్కడ ఆపేసి లేవాలి. వందల ఏళ్లుగా ఆ గజ్జెలు ఎంతమందిని గట్టెక్కించాయో లెక్కలేదు. కాని ఇప్పటికి అయింది ఇరవై నిమిషాలే.

"సాగదియ్యక్కా, సాగదియ్యి," అని గొణిగాడు సీత్సె.

"మహా... పండితులైన... ప్రశ్నకర్త గారూ..."

"నా పాండిత్యం సంగతి తరవాత, ముందు మనిషిని చూపించమ్మా! చూపించలేకపోతే నీ సిద్ధాంతం కాస్తా..."

గజ్జెలు ఘల్లుమన్నాయి. తలుపులు బార్లా తెరుచుకున్నాయి. పెడెల్ వీర్డా కర్ర ఆడిస్తూ దర్జాగా నడిచొచ్చి నేలను తట్టింది.

"వేళయింది!"

డ్రోస్ట్ మాట సగంలో తెగిపోయింది. అందరికంటే ముందు ఆయనే లేచి, బల్ల మీది నల్ల టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. మిగతా ఆరుగురూ లేచారు. వెనక హాలంతా లేచింది. నింకె వాళ్లమ్మ హ్యాండ్‌బ్యాగు కూడా సర్దేసుకుంది.

వీర్డా గడియారం వంక చూసి నాలిక కరుచుకుంది. "అయ్యో, మన్నించండి! ఇరవై అయిదు నిమిషాలు ముందొచ్చేశాను. కూర్చోండి, అందరూ కూర్చోండి."

నవ్వులతో హాలు దద్దరిల్లింది. సీత్సె అయితే ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అక్కా, బతికిపోయావ్! ముగింపు మోత వినగానే అందరూ లేచారు. ఇంతకంటే రుజువేం కావాలి?"

"నా మొహం. అది దొంగ పిలుపని ఇక్కడ ఎవరికి తెలుసురా? తెలియనివాళ్లు మోసపోతారని ఆయన ముందే ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆ ముక్కే అని నన్ను నిలువునా కడిగేస్తాడు చూడు."

నింకె తల వంచుకుని ఆ దెబ్బ కోసం ఎదురుచూసింది. డ్రోస్ట్ కూర్చున్నాడు. టోపీ తీసి చేతిలో రెండుసార్లు తిప్పాడు. చెవులదాకా ఎర్రబడిపోయాడు.

"నాకు... ఇంక ప్రశ్నలేమీ లేవు," అన్నాడు.

ఆ తరవాతంతా నల్లేరు మీద బండి నడకే. మిగతావాళ్లు అడిగినవాటికి నింకె టకటకా జవాబులు చెప్పింది. ఈసారి నిజంగానే వేళయింది. ఏడుగురూ లోపలికెళ్లి పది నిమిషాల్లో తిరిగొచ్చారు. అత్యుత్తమ శ్రేణి, అదీ ఏకగ్రీవంగా! నింకె అందరి ముందూ భోరున ఏడ్చేసింది. అంత సంతోషం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ కలగలేదు.

విందు మొదలైంది. పొగలు కక్కే బిటర్‌బాలెన్ మాంసం ఉండలు నోట్లో వేసుకుని సగంమంది నాలుకలు కాల్చుకుంటున్నారు. నింకె జనంలోంచి తప్పించుకుని, కోట్లు తగిలించే చోట ఒక్కతే నిలబడి బీరు తాగుతున్న వీర్డాను పట్టుకుంది.

"మీ పొరపాటే నన్ను కాపాడిందండీ. రేపు మీ ఇంటికి పూలు పంపిస్తాను. కాని ఒక్కటే అర్థం కావడం లేదు. ఆయన నాలిక చివర మాట పెట్టుకుని ఎందుకు మింగేశాడు?"

వీర్డా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"పొరపాటా? నాదా? ముప్పై ఏళ్లలో అర నిమిషం తేడా రానివ్వలేదమ్మా నేను. ఇరవయ్యో నిమిషానికి రమ్మని బతిమాలింది ఆయనే. 'గజ్జెలు మోగగానే హాలంతా లేస్తుంది, సంగతి తెలిసిన నేనొక్కణ్ణే కుర్చీలోంచి కదలను, ఆ పిల్లకి అదే జవాబు' అని పొద్దున్నుంచీ ఒకటే నవ్వు!"