సప్పుడు చెయ్యని కారు

"ఇది పట్టదప్పా" అని సైలెన్సర్‌ను నేలమీద పెట్టేశాడు మెకానిక్ సోమప్ప.

"పట్టకపోతే పట్టిచ్చు. రేపు నాగలమడిక నుంచి పిల్ల తట్టోళ్ళు ఇల్లు చూసేకి వస్తాండారు" అన్నాడు బైలప్ప.

సోమప్ప ఆ నిగనిగలాడే సైలెన్సర్‌ను, దాన్ని బెంగళూరు పాత సామాన్ల అంగడి నుంచి బిడ్డలా ఒళ్ళో పెట్టుకొని తెచ్చిన బైలప్పను, ఎదురుగా ఉన్న కారును మార్చి మార్చి చూశాడు.

కారంటే అలాంటిలాంటి కారు కాదు. టాపు లేని రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు. బెంగళూరులో ఎవరో షోకిల్లారాయుడు అరగదీసి వదిలేస్తే బైలప్ప మహాభాగ్యమని తన ఊరు అరసికెరెకు లారీ మీద ఎక్కించుకొచ్చాడు. దాని సొంత ఇంజన్ ఎప్పుడో చచ్చింది. అయితే ఏం, మనవాడి తెలివి చావలేదుగా. తన బావి ఎండిపోయి మూలన పడున్న డీజిల్ ఇంజన్‌ను ఈ సోమప్ప చేతే అందులో కూర్చోబెట్టించాడు. అలా పుట్టింది పావగడ తాలూకాలోకెల్లా మొట్టమొదటి స్పోర్ట్స్ కారు.

ఊరి కంకర రోడ్డు మీదికి వెళ్తే దాని పొట్ట రాళ్ళకు గీసుకుంటుంది. అందుకని అయ్యవారు ఇంటి వెనక చేలోనే, శెనక్కాయ మాడిపోయిన నేలమీద, పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకేదాకా చుట్లు తిరిగేవాడు. గానుగెద్దుకైనా మధ్యాహ్నం పూట కాస్త గడ్డి వేసి విడుస్తారు. ఇతనికి ఆ విరామం కూడా లేదు. ఏంది నాయనా ఇది అంటే ప్రాక్టీసు అనేవాడు. ఎక్కడికి పోవడానికో ఎవరికీ తెలియదు.

ఇదంతా ఇలా ఉండగా బైలప్పకు వయసు ముప్పై దాటింది. వచ్చిన సంబంధాలన్నీ వచ్చిన బస్సులోనే వెనక్కి పోయాయి. వాళ్ళమ్మ హనుమంతమ్మ మొక్కని దేవుడు లేడు. అట్లాంటిది, నాగలమడిక గంగప్ప తనంతట తానే పిల్లనిస్తానని కబురు పంపాడు. ఇంట్లో అడుగైనా పెట్టకుండా, చేను ఎంతుందని కూడా అడగకుండా. మనల్నేం జూసి ఇస్తాండాడ్రా అని హనుమంతమ్మకు ఒకటే అనుమానం. బైలప్పకు ఆ అనుమానం లేదు. కారును చూసి కాక మరి దేన్ని చూసి ఇస్తాడు? ఒక్కటే దిగులు. అంత అందమైన బండి స్టార్ట్ చేయగానే బావి ఇంజన్ మాదిరి టుకు టుకు అంటుంది. పిల్ల తండ్రి ముందు ఆ సప్పుడు వినిపిస్తే పరువేం కాను?

"ఇంజన్ గొట్టం నాలుగు వేళ్ళ లావు, దీని నోరు రెండు వేళ్ళ లావు" అన్నాడు సోమప్ప. "ఎట్లో ఒగట్ల అతికిచ్చినా ఇంజన్‌కు ఊపిరాడదు. జోరు తగ్గుతాది."

"జోరెవురికి కావల్ల? మర్యాద కావల్ల."

మర్యాద కోసం సోమప్ప రేకు కత్తిరించి గరాటులా చుట్టాడు. వెల్డింగు పెట్టాడు. పొగ కారేచోట ఆస్‌బెస్టాస్ తాడు బిగించాడు. సైలెన్సర్‌ను పాత టైరు పట్టీలతో కారు కింద వేలాడదీశాడు. స్టార్ట్ చేస్తే ఇంకా టుకు టుకుమంటూనే ఉంది. బైలప్ప ఏడుపు మొహం పెట్టాడు. సోమప్ప తిట్టుకుంటూ మళ్ళీ విప్పి, లోపల ఇంకో రెండు అడ్డరేకులు పెట్టి బిగించాడు. ఈసారి పిల్లి గుర్రుపెట్టినంత సప్పుడు కూడా రాలేదు. బైలప్ప సంతోషం పట్టలేక మెకానిక్‌ను కౌగిలించుకొని చొక్కా నిండా గ్రీజు పూసుకున్నాడు.

మరునాడు గంగప్ప పెళ్ళాన్ని, ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొని దిగాడు. హనుమంతమ్మ ఒబ్బట్లు చేసి పెట్టుకుంది. ఆడపిల్ల వాళ్ళు ఆ ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నారంటే సంబంధం కుదిరినట్టే. కూర్చోకుండా లేచారంటే ఇక అడగక్కర్లేదు.

బైలప్ప ఆగలేదు. వచ్చినవాళ్ళను చేని గట్టున నిలబెట్టి కారు తీశాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని, ఒంటి చేత్తో స్టీరింగు పట్టుకొని చుట్లు తిరిగాడు. ఊపిరాడని ఇంజన్ మీద కారు నడక కంటే కాస్త వేగంగా, దొంగలా, ఏ సప్పుడూ లేకుండా పోతోంది. గంగప్ప చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని విన్నాడు. అటు తిరిగి విన్నాడు, ఇటు తిరిగి విన్నాడు. చూడు, ఎంత మెచ్చుకుంటున్నాడో అని బైలప్ప ఇంకో చుట్టు ఎక్కువ తిరిగాడు.

విస్తళ్ళు వేశారు. గంగప్ప కూర్చోలేదు. పెళ్ళాం చెవిలో ఏదో చెప్పి గడప దాటాడు. హనుమంతమ్మ ఒబ్బట్ల పళ్ళెం చేతిలో పట్టుకొని అలాగే నిలబడిపోయింది. బైలప్ప పరుగున వెళ్ళి దారికి అడ్డం నిలిచాడు.

"కారు నచ్చలేదా మామా?"

"కారుకేమప్పా, బాగుండాది" అన్నాడు గంగప్ప. ఆయన గొంతులో కోపం లేదు, దిగులే ఉంది. "పోయిన నెల మేకలు కొనేకి మీ పక్క పల్లెకొచ్చి రెండు దినాలుంటిని. పొద్దన్నుంచి పొద్దుగూకేదాకా మీ చేని తట్టు నుంచి ఇంజన్ సప్పుడు నిలపకుండా ఇనపడె. ఇంత కరువులో గూడా బాయి పారతా ఉండే ఇల్లు ఒగటుండాదే, నా బిడ్డ బిందె మొయ్యకుండా బతుకుతాదని ఆశపడితిని. ఈ దినం వచ్చినప్పట్నుంచి చెవులు పెట్టుకోని ఇంటాండా."

గంగప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"మీ బాయి గూడా ఎండిపాయె గదప్పా."