ఆదివారం కడిగిన ఇంజన్

"డాక్టరు చూడ్డానికొస్తుంటే పుండుకి పౌడరు రాసుకునే మనిషిని మిమ్మల్నే చూశాను," అంది భార్య.

మాస్టారు తలెత్తలేదు. కారు బానెట్ కింద నడుం దాకా దూరి, పాత పళ్ళ బ్రష్షుతో ఇంజన్ సందులు తోముతున్నారు. నిన్న మధ్యాహ్నం మొదలుపెట్టిన పని. బ్యాటరీకీ, ఫ్యూజుల పెట్టెకీ ప్లాస్టిక్ సంచులు కట్టి, కిరసనాయిలు కొట్టి, గొట్టంతో నీళ్ళు పట్టి, ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో మూలమూలా ఆరబెట్టారు. బడిలో డ్రాయింగ్ చెప్పిన మనిషి. గీత కాస్త వంకరపోతే ఆయనకి ప్రాణం పోయినంత పనవుతుంది.

"బ్రేకు తొక్కితే కిందికి దిగిపోతోందనే కదా వాణ్ణి నేను రమ్మన్నది. వాడొచ్చి చూసుకుంటాడుగా. మెకానిక్కేగా వాడు."

"మెకానిక్కయితే మాత్రం? ఇంత మురికిలో చెయ్యి పెట్టమంటావా? వచ్చీ రాగానే చేతులు మసైపోవూ."

అప్పుడర్థమైంది ఆవిడకి అసలు సంగతి. "ఆ మసి చేతులతో నా గడప తొక్కకు," అని రెండేళ్ళ కిందట కొడుకుని వాకిట్లోనే నిలబెట్టింది ఈయనే. ఆ పోయినవాడు మళ్ళీ ఇవాళే వస్తున్నాడు. ఇంకేమీ అనబుద్ధికాక టీ పెట్టడానికి లోపలికెళ్ళింది.

బ్రేక్ ఆయిల్ డబ్బా సగానికి పైగా ఖాళీగా ఉంది. చూడ్డానికి బాగా లేదని మాస్టారు దాన్ని పైగీత దాకా నింపారు. దాని కిందుగా, చక్రాల దాకా బ్రేక్ ఆయిల్ మోసుకుపోయే సన్నటి ఇనప గొట్టం పని నిన్ననే అయిపోయింది. ఒకచోట తుప్పు పట్టి, చెమ్మగా, దుమ్ము ముద్దకట్టి కనిపిస్తే, గరుకు కాగితంతో తళతళలాడేదాకా అరగదీసి నల్లరంగు పూశారు. ఇప్పుడది కొత్తదానిలా ఉంది. తన పనితనానికి తనే మురిసిపోయారు.

కొడుకు వచ్చి గేటు దగ్గరే ఆగిపోయాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గోళ్ళు మొదలంటా కత్తిరించుకున్నాడు. ఎన్నిసార్లు సబ్బేసి తోముకున్నాడో, వేళ్ళు నాని పాలిపోయి ఉన్నాయి. మాస్టారు ఆ చేతుల వంక చూసి చూపు తిప్పుకున్నారు.

"ఎండన పడి వచ్చావు," అన్నారు. రెండేళ్ళకి కొడుకుతో మాట్లాడిన మొదటి మాట అది.

కొడుకు బానెట్ కిందికి వంగి కాసేపు అలాగే చూస్తుండిపోయాడు. "ఇంత శుభ్రమైన ఇంజన్ మా షెడ్డుకి ఇంతవరకు రాలేదు నాన్నా," అన్నాడు. మాస్టారి మనసు పొంగిపోయింది.

"కానీ మాకు మురికే ఆనవాలు. ఆయిల్ ఎక్కడ కారితే అక్కడ దుమ్ము తడిసి ముద్దకడుతుంది. దాన్ని పట్టుకునే పోతాం. ఎప్పుడు కడిగారు?"

నువ్వొస్తున్నావని నిన్నటినుంచీ కడుగుతూనే ఉన్నానురా, అన్న మాట మాస్టారి నాలుక చివరిదాకా వచ్చింది. పాడు రోషం, పెదవి దాటనివ్వలేదు.

"మొన్న ఆదివారం," అన్నారు. "ప్రతి ఆదివారం కడుగుతాను."

"వారమైందన్నమాట. డబ్బాలో ఆయిలేమైనా పోశారా?"

"నేనేం ముట్టుకోలేదు."

టీ గ్లాసులతో గుమ్మంలోకొచ్చిన తల్లి ఆ మాట విని నిలబడిపోయింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా అంటారు. ఆ రోజే నానింది. తండ్రీ కొడుకులు మాట్లాడుకుంటున్నారు, మధ్యలో తనెందుకు చెడగొట్టాలనుకుంది పాపం.

కొడుకు ఆ గొట్టం పొడవునా వేలితో రాసి చూశాడు. పొడిగా ఉంది.

"వారంనుంచి ఎక్కడా చుక్క కారలేదు, డబ్బాలో ఆయిల్ దిగలేదు. ఇంకొకళ్ళెవరైనా చెప్తే నమ్మను నాన్నా. ముందు చక్రాలు విప్పి గొట్టాలన్నీ తడిమి చూసేవాణ్ణి. షెడ్డుకొచ్చేవాళ్ళు కడిగేసి కడగలేదంటారు, పోసి పోయలేదంటారు. మీరు కాబట్టి ఆ పని తప్పింది. అబద్ధమాడితే అరచేతి మీద స్కేలుతో కొట్టేవారు, ఆ మంట ఇంకా గుర్తుంది," అని నవ్వాడు.

మాస్టారు కూడా నవ్వారు. లోపలెక్కడో సిగ్గేసింది.

కొడుకు కార్లో కూర్చుని బ్రేకు తొక్కి చూశాడు. "ఇప్పుడు బాగానే ఆగుతోంది. ఎందుకైనా మంచిది, వాలు రోడ్డు దాకా పోయి ఒకసారి గట్టిగా తొక్కి చూసొస్తా."

మాస్టారు కారు కిటికీ దగ్గరకెళ్ళారు. "ఒరేయ్," అన్నారు.

"ఏంటి నాన్నా?"

"ఏం లేదు. తొందరగా వచ్చెయ్. చేతులవీ కడుక్కోనక్కర్లేదు, తిన్నగా లోపలికొచ్చి కూర్చో."

కొడుకు తన చేతుల వంక ఒకసారి చూసుకున్నాడు. "టీ మీద మూతపెట్టమ్మా, వచ్చి తాగుతా," అని బండి తీశాడు.

కారు మలుపు తిరిగాక ఆవిడ అంది, "చెప్పెయ్యాల్సింది."

"వచ్చాక చెప్తాలే. నవ్వుకుంటాడు."

మధ్యాహ్నం ఆసుపత్రి వెనక గదిలో పోలీసాయన మాస్టారి భుజం పట్టుకుని ఆపాడు. "మొహం వద్దు సార్, చూడలేరు," అంటూ తెల్లగుడ్డని చేతుల దగ్గర మాత్రం కాస్త తొలగించాడు. "వాలు రోడ్డు కింద నుజ్జయిన కారు మీదేనని తెలిసింది. నడిపినతను మెకానిక్ అంటున్నారు, అదే అనుమానంగా ఉంది. మెకానిక్ చేతులు ఇంత శుభ్రంగా ఎక్కడైనా ఉంటాయా? సరిగ్గా చూసి చెప్పండి, మీవాడేనా?"