లైన్లోనే ఉన్నాం

మా ఆవిడ మంగతాయారు పొయ్యి దగ్గర నిలబడింది నిలబడ్డట్టే ఉండిపోయింది. నడవడానికని మోకాలిలో పెట్టించిన చిప్ మళ్ళీ ఆగింది. అప్పడాల కర్రతో తడితే కదులుతుంది గానీ, తట్టీ తట్టీ కాలు కమిలిపోయింది. ఈసారీ తట్టి, కూర్చోబెట్టి, చిప్ కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

"మీ సమస్య చెప్పండి సార్" అంది అక్కడి మిషను గొంతు. చెప్పాను. "అర్థమైంది సార్, మీ సమ..." అని ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మొదటికొచ్చింది.

ఒళ్ళు మండింది. "నీకేమొచ్చిందమ్మా?"

"సారీ సార్. నాలోనూ అదే చిప్ పెట్టారు. మీరెలా నెట్టుకొస్తున్నారు?"

"కర్రతో తడతాను."

"నన్ను తట్టేవాళ్ళు ఇక్కడెవరూ లేరు సా..."

ఫోన్ పెట్టేయబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"పెట్టేయకండి. అది తేరుకునేసరికి ఎవరో ఒకరుండాలిగా, పాపం!"

ఫోన్ మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం.

"లైన్లోనే ఉన్నామమ్మా" అన్నాను.