మాట కోసం ఆగిన ఊరు

"చూడు పెదనాన్నా" అంటూ రైతుల్లో అందరికంటే పొడుగాయన మట్టిబుట్టను అరుగు మీదికి జరిపాడు.

పెద్దాయన గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించాడు. ముద్ద కట్టింది. తడికి లోటు లేదు. ఆ ముద్దను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అరుగు కింద రైతులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏ వాసనా లేదు. వాన పడి వారం దాటినా ఒక్కరోజూ తెలియలేదు.

"రేపు చూద్దాంరా" అన్నాడు.

"అలాగే పెదనాన్నా. తొందరేముంది?"

ఒక్కరూ గొణగలేదు. ఒక్కరూ ముఖం చిట్లించలేదు. బుట్ట ఎత్తుకుని వచ్చిన దారినే వెళ్లిపోయారు. పెద్దాయనకు అదే మరీ భయంగా ఉంది. వాన పడ్డాక రైతు కాలు ఒకచోట నిలవదు. అలాంటిది తన ఒక్క మాట కోసం ఊరు ఊరంతా ఇంత ఓపికగా కూర్చుందంటే, ఆ నమ్మకాన్ని ఆయన ఎక్కడ పెట్టుకోవాలి?

తొంభై దాటిన ప్రాణం ఆయనది. ఊళ్లో అందరికంటే పెద్ద రైతు మట్టి వాసన చూసి "చల్లండి" అంటే తప్ప అక్కడ ఎవరూ గింజ చేత పట్టరు. తడి సంగతి పిడికిలి చెబుతుంది. నేల కడుపులో ఎండాకాలపు ఉడుకు ఇంకా ఉందో లేదో చెప్పాల్సింది మాత్రం ముక్కే. సగం జీవితం నుంచీ ఆ మాట ఆయనే చెబుతున్నాడు, ఎన్నడూ తప్పలేదు. అన్నదమ్ముల పంపకాలు చేశాడు, అలిగిన మొగుడూ పెళ్లాల్ని కలిపాడు, గట్టు తగాదాలు తీర్చాడు. వాటిలో పొరపాటు జరిగితే మళ్లీ కూర్చుని సర్దుకోవచ్చు. నేలలో పడ్డ గింజను వెనక్కి తీసుకోలేరు.

చిన్నప్పుడు ఒకసారి కళ్లారా చూశాడు. అప్పటి పెద్ద రైతు మాట తప్పింది. గింజంతా నేలలోనే మాడిపోయింది. ఇళ్లకు తాళాలు వేసుకుని ఎన్నో కుటుంబాలు వలస పోయాయి. ఆ ముసలాయన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. చనిపోయేదాకా ఎవరూ పలకరించనూ లేదు.

ఇప్పుడు తన వంతు వచ్చింది. చలికాలంలో పట్టిన జ్వరం పోతూ పోతూ ముక్కును కూడా వెంట తీసుకుపోయింది. పొయ్యి పక్కనే కూర్చుని ఉన్నా పాలు మాడిన సంగతి ఆయనకు తెలియలేదు. "ఇంత మాడు వాసన వస్తుంటే పిలవరేంటి మామయ్యా?" అని కోడలు పరుగెత్తుకొస్తే, కునుకు పట్టిందని బొంకాడు. అప్పటినుంచీ బొంకుతూనే ఉన్నాడు.

సాయంత్రం కొడుకును దగ్గరికి పిలిచాడు. "ఒరే, నన్ను ఒక్కసారి చేను దాకా తీసుకెళ్లు. నేల మీద పడుకుని చూస్తే బాగా తెలుస్తుంది."

"ఆ మోకాళ్లతో ఎక్కడికి నాన్నా? గట్లన్నీ బురద. మట్టే నీ దగ్గరికి వస్తోందిగా" అని కొడుకు లేచి పశువుల కొట్టంలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బుట్ట మళ్లీ వచ్చింది. ఇంకో రోజు ఆగితే నేల పదును ఆరిపోతుంది. నీళ్లు తెచ్చిన కోడలిని పెద్దాయన మెల్లగా అడిగాడు.

"అమ్మా, ఈ మట్టి నీకు ఏం వాసన వస్తోంది?"

"మట్టి వాసనే మామయ్యా."

అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాననిపించుకున్నాడు. ఇక తప్పించుకునే దారి లేదు. అనేశాడు.

"చల్లండి."

"ఆ మాట చాలు పెదనాన్నా!" పొడుగాయన ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. రైతులు సంతోషంగా కదిలిపోయారు.

వీధి ఖాళీ అయింది. కోడలు పెట్టిన ముద్ద పెద్దాయన ముట్టలేదు. కళ్లు మూస్తే తాళాలు వేసిన తలుపులే. పిల్లల్ని చంకనేసుకుని ఊరు దాటుతున్న ఆడవాళ్లే. పరువు పోతే పోయింది, ఊరు బతికితే చాలనుకున్నాడు. కోడలు పెరట్లో బట్టలు ఆరేస్తుండగా కర్ర అందుకుని వీధిలో పడ్డాడు. మోకాళ్లు కలుక్కుమంటున్నా ఆగలేదు.

"ఆగండ్రా! చల్లకండి!" దారి పొడుగునా అరుస్తూనే ఉన్నాడు.

చేల మొదట్లో, గట్టు కింద, కొడుకూ పొడుగాయనా కబుర్లాడుకుంటూ కనిపించారు. ఆయన్ను చూసి ఇద్దరూ అదిరిపడి ఎదురు పరుగెత్తారు.

"నాన్నా, ఎక్కడికి? ఇంటికి పద. ఏం చెప్పాలో నాకు చెప్పు, నేను వాళ్లకి చెబుతా."

"నువ్వు చెబితే వినరురా. నా మాట మీద చల్లుతున్నారు, నేనే ఆపాలి." పెద్దాయన కర్ర నేలకు ఆనించాడు. "నాకు వాసన తెలియడం లేదురా. చలికాలం నుంచీ తెలియడం లేదు. సిగ్గేసి దాచాను. మీ అందరి నోట్లో మట్టి కొట్టాను."

కొడుకు తల వంచుకున్నాడు. పొడుగాయన దారికి అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాపాడు.

"గట్టు జారుతుంది పెదనాన్నా. ఎక్కొద్దు. నీకు దండం పెడతా, ఎక్కొద్దు."

"తప్పుకోరా! ఒక్క చేనైనా మిగలనీ!"

కర్రతో అతన్ని పక్కకు నెట్టి, కనిపించిన గడ్డిపరకనల్లా పట్టుకుని, పెద్దాయన రొప్పుతూ గట్టెక్కాడు.

ఎటు చూసినా వేలెడేసి మొలకలు నిలబడి ఉన్నాయి.