నడక అలవాటు

గడియ కిర్రుమంది. అంతే, మంచం మీంచి గొంతు వినిపించింది.

"ఎవరది?"

"నేనేనండీ. నడకకి."

ఆమె చెయ్యి గడియ మీదే ఉండిపోయింది. లోపల భర్త లేచి కూర్చున్న చప్పుడు. ఆయన లారీ మెకానిక్. ఇంజన్లో ఏ మూల టిక్కుమన్నా పట్టేసే చెవి. నిద్రలోనూ అంతే, పిల్లి నడిచినా మెలకువ వచ్చేస్తుంది.

"నిజంగానే మొదలుపెట్టావే!" ఆవలిస్తూ వచ్చాడు. "చూద్దాం, ఎన్నాళ్ల ముచ్చటో. ఆగు, నేనూ వస్తా. బయట కుక్కలుంటాయి."

పాప నిద్రపోతోంది. ఆయన బయట తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

అంతకు ముందు వారమే ఆమె మళ్లీ పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆయనే.

"ఈసారి ఎక్కడ పడ్డావమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే, "వంటింట్లోనండీ. ఒళ్లు బరువెక్కింది. నిలబడ్డచోటే తూలిపోతుంది" అని ఆయనే జవాబు చెప్పాడు.

డాక్టరమ్మ నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మందులు తెమ్మని ఆయన్ని కిందికి పంపింది.

"చూడు తల్లీ, ఇంకోసారి ఇలా పడితే లేవవు. నీకు చిన్నపిల్ల ఉంది. కాస్త కోలుకోగానే, రోజూ తెల్లవారకముందే నడక మొదలుపెట్టు. తొందరపడకు. వానొచ్చినా వరదొచ్చినా ఒక్కరోజు కూడా మానకు. మెల్లగా అలవాటు చెయ్యి."

"నాకు భయం డాక్టరమ్మా."

"భయపడుతూనే నడువు."

భయపడుతూనే నడిచింది. వెలిగీ వెలగని వీధి దీపాలు. మూసిన షట్టర్లు. చెత్తకుప్ప పక్కనుంచి లేచి నిలబడి చూసే నల్ల కుక్క. వెనక, నడక వేగానికి తగ్గట్టు గుర్రుగుర్రుమంటూ ఆయన మోటారుసైకిలు. ఆమె పార్కు చుట్టూ తిరుగుతుంటే ఆయన గేటు దగ్గర బండి ఆపుకుని చూస్తూ కూర్చునేవాడు.

పాలబూతు పిన్ని అది చూసి ముచ్చటపడేది.

"పెట్టి పుట్టావమ్మా! మా ఆయన్ని తోడు రమ్మంటే ముసుగుతన్ని పడుకునేవాడు."

ఆమె నవ్వేది.

జ్వరంతో ఒళ్లు కాలిపోయిన రోజూ వెళ్లింది. జోరువానలో గొడుగు వెనక్కి విరుచుకుపోతున్నా వెళ్లింది. ఒక్కరోజు తప్పినా మళ్లీ మొదటికొస్తుందని బెంగ. ఒళ్లు తగ్గలేదు. కళ్ల కింద నలుపు మాత్రం వచ్చింది.

చలి మొదలయ్యేసరికి మెకానిక్‌కి విసుగెత్తింది.

"ఆ పార్కు చుట్టూ గానుగెద్దులా నువ్వు తిరగడం, నేను చూడటం! నా వల్ల కాదు. నువ్వే పో."

దుప్పటి లాక్కున్నాడు. మర్నాటి నుంచి ఆమె ఒక్కతే. కొన్నాళ్లు పోయాక ఆయన సరదాగా ఉన్నప్పుడు చూసి అడిగింది.

"పాప కూడా వస్తానంటోందండీ. బడిలో పరుగు పందెం ఉందట."

"తీసుకుపో. తల్లీ కూతుళ్లు కప్పులు మోసుకొస్తే పెట్టుకోవడానికి నేను అల్మరా చేయిస్తా" అని పకపకా నవ్వాడు.

తోడు దొరికింది కదా, భయం తగ్గాలి. రెట్టింపైంది. దీపం వెయ్యకుండా చీకట్లోనే తడుముతూ పాప చెప్పులు వెతికేది. గడియ తీసినప్పుడల్లా ఊపిరి బిగబట్టేది. మొదట్లో "ఎవరది?" అనేవాడు. తర్వాత "ఊఁ" అనేవాడు. తర్వాత ఊరికే అటు తిరిగి పడుకునేవాడు.

ఆవేళ చలి ఎక్కువగా ఉంది. పాపకి గౌను మీద గౌను తొడిగి, పైన స్వెట్టర్ వేసింది.

"బిగుతుగా ఉందమ్మా."

"ష్... పరిగెడితే వదులవుతుంది."

గడియ తీసింది. లోపల గురక ఆగింది.

ఇద్దరూ కొయ్యబారిపోయారు. మంచం కదిలింది. ఆమె పాప నోటి మీద చెయ్యి పెట్టింది. చాలాసేపటికి, మళ్లీ గురక.

మెట్లు దిగారు. మలుపు తిరగ్గానే పాప చెయ్యి పట్టుకుని పరుగు అందుకుంది.

"అమ్మా, మెల్లగా! రొప్పొస్తోంది."

"ఇంకొంచెమే తల్లీ, ఆగకు."

వెనక మోటారుసైకిలు చప్పుడు. అదే గుర్రుగుర్రు. దగ్గరవుతోంది. పాపని గుండెకి అదుముకుని ఒక షట్టరుకి అతుక్కుపోయి కళ్లు మూసుకుంది. వెలుతురు మొహం మీద పడింది. ఏదో వచ్చి దభీమని పక్క మెట్ల మీద పడింది.

పేపర్ల కట్ట. పేపర్లు వేసే అతను తలైనా తిప్పకుండా వెళ్లిపోయాడు.

ఆమె మళ్లీ పరిగెత్తింది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. పార్కు దగ్గర కూడా ఆగలేదు.

తూర్పున తెల్లబడుతుండగా తొలి బస్సు ఊరు దాటింది. కిటికీ పక్క సీట్లో పాప అమ్మ ఒళ్లోకి ఒరిగి, నిద్రమత్తులో అడిగింది.

"రేపు కూడా పొద్దున్నే నడకకి లేవాలా అమ్మా?"

"అక్కర్లేదు తల్లీ, మనం వెళ్లిపోయే చప్పుడుకి లేవకుండా పడుకోవడం మీ నాన్నకి అలవాటైపోయింది."