సాక్ష్యం వేళ

చర్చిలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళకి ఒక కొత్త మనిషి లేచి నిలబడ్డాడు.

"మీ... మీ... మీ..." అన్నాడు. అక్కడే ఆగిపోయాడు.

పెదాలు బిగుసుకుపోయాయి. మెడ నరాలు ఉబ్బాయి. మాట మాత్రం బయటికి రాలేదు.

ముందు నిలబడి ఆరాధన నడిపిస్తున్న టీచరమ్మ చిరునవ్వుతో అందుకుంది.

"మీ అందరికీ వందనాలు అంటున్నారు అన్నయ్య."

అందరూ తిరిగి వందనాలు చెప్పారు. అతను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అప్పటికే కీబోర్డు అబ్బాయి తర్వాతి పాట ఎత్తుకున్నాడు.

అతను కూర్చున్నాడు.

ఎవరినీ కాదనని సంఘమని ఆ చర్చికి పేరు. ఒకప్పుడు అది సిమెంటు బస్తాల గోడౌను. చక్రాల కుర్చీలు లోపలికి రావడానికి మెట్ల పక్కన ర్యాంపు కట్టారు. వినపడనివాళ్ల కోసం ఒకమ్మాయి నిలబడి ప్రసంగమంతా చేతులతో చెబుతుంది. కలిసి కాపురం ఉంటున్న ఇద్దరు మగవాళ్లు రెండో వరసలో పక్కపక్కనే కూర్చుంటారు. ఎవరూ తల తిప్పి చూడరు.

ఇదంతా టీచరమ్మ చలవే. ప్రసంగం ఒక్కటే పాస్టరు గారిది. మిగతా బరువంతా ఆవిడ నెత్తిన వేసుకుంది.

అంతకుముందు ఆవిడ వచ్చి ప్రార్థన చేసుకుని వెళ్లిపోయే మనిషే. భర్త పోయాక ఇంట్లో ఉండలేకపోయింది. అంటురోగాల వార్డులో పోయాడాయన. గాజు తలుపు దాటి ఆవిడని లోపలికి రానివ్వలేదు. మూత బిగించిన శవపెట్టె అప్పగించారు. ఆఖరి గడియలో ఆయన పక్కన ఎవరైనా ఉన్నారా అని కనపడ్డ డాక్టరునల్లా, నర్సునల్లా అడిగింది. ఆ రోజుల్లో ఎవరికి ఎవరు గుర్తుంటారు. అడిగి అడిగి అలిసిపోయి, చర్చిలో పని కల్పించుకుంది.

ఆ కొత్త మనిషి మళ్లీ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు.

వచ్చినప్పుడల్లా లేచేవాడు. టీచరమ్మ ఓపిగ్గా మాట అందించేది. ఉద్యోగం కోసం ప్రార్థన చేయమంటారా అని ఒకసారి, ఒంట్లో బాగాలేదా అని ఒకసారి, ఇంట్లో ఎవరికైనా కష్టమా అని ఇంకోసారి. పిల్లల నోట మాట తడబడితే అందివ్వడం ఆవిడకి బడిలో అలవాటు. అతను అన్నిటికీ తల అడ్డంగానే ఊపేవాడు.

చిత్రం, పాటల్లో మాత్రం అతని గొంతు ఎక్కడా ఆగేది కాదు.

ఒక ఆదివారం ప్రసంగం సాగి సాగి ఆలస్యమైంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. అప్పుడు లేచాడతను. వెనక ఎవరో నిట్టూర్చారు. ఇద్దరు కుర్రాళ్లు నవ్వు ఆపుకోలేక తలలు దించుకున్నారు.

టీచరమ్మ అతని దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది.

"కూర్చోండి అన్నయ్యా. మీ మనసులో మాట దేవుడికి తెలుసు. మాకు చెప్పక్కర్లేదు."

ఆ మాటకి కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఎంత మంచి మనసో అనుకున్నారు.

అతను ఆవిడ ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కూర్చున్నాడు.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు. ఆవిడ వెంట నలుగురున్నారు. వచ్చే వారం తీరిగ్గా మాట్లాడుకుందామని చెప్పి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే పెద్దలు కూర్చుని, సాక్ష్యం చెప్పదలచినవాళ్లు ముందే పేరిచ్చి ఉంచాలని తీర్మానించారు. ఆ సలహా టీచరమ్మదే. అందరిలో ఆయన నవ్వులపాలు కాకూడదు కదా అంది.

ఆ ఆదివారం అతను లేచేసరికి కీబోర్డు మోగింది. పాట అయ్యేదాకా నిలబడే ఉన్నాడు.

మళ్లీ రాలేదు.

కొన్ని వారాలకి టీచరమ్మకి మనసులో ముల్లు గుచ్చుకుంది. వాళ్లనీ వీళ్లనీ వాకబు చేసి, పళ్లు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లింది. లాండ్రీ వెనక ఒంటి గది. అతని అక్క బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

తమ్ముడు పోయాడని ఇస్త్రీ ఆపకుండానే చెప్పింది. ఎప్పుడో జబ్బుచేసినప్పుడు దెబ్బతిన్న ఊపిరితిత్తులు మళ్లీ కోలుకోలేదట. మంచం దిగి నడవడానికే చాలాకాలం పట్టిందట. నడవగలిగిన మొదటి ఆదివారమే చర్చికి బయల్దేరాడట.

టీచరమ్మ పళ్లు కింద పెట్టింది. తమకి తెలియదంది. ప్రతి వారం తన కోసం ఏదో అడగాలని లేచేవారు, మేమే అర్థం చేసుకోలేకపోయామంది.

"తన కోసం కాదమ్మా," అంది అక్క. "మీ చర్చికి వచ్చే ఒకావిడకి ఒక మాట చేర్చాలని. పొద్దున్నే తలుపేసుకుని ఆ మాటే పలికి చూసుకునేవాడు. నాకు చెప్పరా, నేను వెళ్లి చెప్పొస్తానంటే ఒప్పుకోలేదు. నత్తివాణ్ణని తెలిసీ ఆయన నన్ను నమ్మి చెప్పాడక్కా, ఆవిడకి తప్ప ఇంకెవరికీ చెప్పను అన్నాడు. రాసిద్దామంటే మా ఇద్దరికీ అక్షరం ముక్క రాదు."

"ఆ మాట ఏమిటో..." అంది టీచరమ్మ.

"వాడితోనే పోయింది."

"ఎవరికి చెప్పాలని?"

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టి, నుదుటి చెమట తుడుచుకుంది.

"పేరు తెలీదమ్మా, అంటురోగాల వార్డులో వీడి పక్క మంచం ఆయన ప్రాణం పోయేదాకా వీడి చెయ్యి వదలకుండా పట్టుకుని, తన భార్యకి చెప్పమని అప్పగించిన మాటట అది, ఆవిడెవరో టీచరట."